మా మొహల్లా మోరీకి రాజధాని సంతకం ఎందుకు?



2025 వానాకాలంలో మా చాచా ఇంతెఖాల్ అయ్యారు. జొహర్ తర్వాత జనాజా నమాజు చదివి, డోలా భుజాల మీదికి ఎత్తుకుని ఖబ్రస్తాన్ వైపు బయల్దేరాం. మసీదు నుంచి అర కిలోమీటరు కూడా ఉండదు. చివరి రెండు వందల గజాల్లో మోరీ పొంగి రోడ్డెక్కి ఉంది. మోకాళ్ళ దాకా మురికి నీళ్ళు. ముందు నడుస్తున్నవాళ్ళకు గుంట ఎక్కడుందో కనిపించదు. ఒకచోట కాలు జారి డోలా ఒరిగింది. నలుగురం పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. చాచా కొడుక్కి ఇరవై రెండేళ్ళు. "భాయ్, అబ్బాని ఈ నీళ్ళల్లో పడేస్తామేమో" అని వణుకుతూ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

జియారత్ అయిన మర్నాడు నేను దరఖాస్తు రాసుకుని దఫ్తర్లు తిరగడం మొదలుపెట్టాను. ముందుగా మా వార్డు కౌన్సిలర్ ఇంటికి వెళ్ళాను. మంచి మనిషే. "భాయ్‌సాబ్, మా గడువు జనవరిలోనే అయిపోయింది. ఇప్పుడు నేనూ నీలాంటి పబ్లిక్కే" అన్నాడు. మున్సిపాలిటీలో స్పెషల్ ఆఫీసర్ ఉన్నారన్నారు. ఆయనకు ఇంకా నాలుగు బాధ్యతలు ఉన్నాయట, వారానికి ఒకరోజు వస్తారట. ఇంజనీరు కాగితం చూసి, మోరీ మాది, రోడ్డు మాది కాదు అన్నాడు. రోడ్డు వాళ్ళ దగ్గరికి వెళితే, రోడ్డు మాదే గానీ నీళ్ళు మోరీవి అన్నారు. ఖబ్రస్తాన్ గోడ పక్కన కాలువ తీద్దామంటే, ఆ జమీను వక్ఫ్‌ది, ఇజాజత్ తెచ్చుకోమన్నారు. చివరికి ఎమ్మెల్యే గారి ఇంటి ముందు రెండు గంటలు నిలబడితే, ఆయన మనిషి ఒకాయన వచ్చి, "మీ జమాత్ సదర్ సాబ్‌ని పంపించండి, మాట్లాడుకుందాం" అన్నాడు.

రెండు వందల గజాల మోరీ కోసం ఐదు గుమ్మాలు ఎక్కాను. ఒక్క గుమ్మంలోనూ "ఈ పని నా జిమ్మేదారీ, చేయకపోతే నన్ను అడుగు" అన్నవాడు దొరకలేదు. ఒక్కడు చెడ్డవాడైతే తిట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఐదుగురూ మర్యాదగానే మాట్లాడారు. అప్పుడు నాకు అర్థమైంది, లోపం మనుషుల్లో కాదు, ఇఖ్తియార్ ఎవరి చేతిలో పెట్టామన్న దాంట్లో ఉంది. ఈరోజు నా మసలా అదే.

మన హుకూమతుల మాట తీరు గమనించారా? హైదరాబాద్‌లో ఏ పార్టీ గద్దె మీద ఉన్నా, అమరావతిలో ఏ పార్టీ ఉన్నా, ఢిల్లీ పేరెత్తగానే ఒకటే ఫిర్యాదు. కేంద్రం మా హక్ లాక్కుంటోంది, 2017లో జీఎస్టీ వచ్చాక పన్ను వేసే ఇఖ్తియార్ మాకు మిగల్లేదు, సెస్సుల పేరుతో వసూలు చేసినదాంట్లో రాష్ట్రాలకు వాటా లేదు, 15వ ఆర్థిక సంఘం మా వాటాను 42 నుంచి 41 శాతానికి దించింది అంటారు. ఈ ఫిర్యాదులో సచ్చాయీ ఉంది. నేనూ ఒప్పుకుంటాను. రాష్ట్రం అనేది ఢిల్లీకి బ్రాంచి ఆఫీసు కాదు.

అయితే అదే ముఖ్యమంత్రులు, అదే మంత్రులు వెనక్కి తిరిగి ఊళ్ళవైపు, మున్సిపాలిటీలవైపు చూసేటప్పుడు ఆ జబాన్ ఏమైపోతుంది? ఢిల్లీ ముందు నిలబడి ఇన్సాఫ్ అడిగే నోరే సర్పంచ్ ముందు హుకుం జారీ చేస్తుంది. ఢిల్లీ మా నిధులు ఆపిందని ఏడ్చేవాళ్ళే పంచాయతీల బిల్లులు ఏళ్ళ తరబడి ఆపుతారు. తెలంగాణలో సర్పంచులు అప్పు తెచ్చి పనులు చేసి, పదవి దిగిపోయాక కూడా ఆ బిల్లుల కోసం ధర్నాలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నుంచి పంచాయతీ ఖాతాల్లోకి వచ్చిన సొమ్మును కరెంటు బకాయిల కింద జమకట్టుకుంటే, సర్పంచులు ఖాళీ ఖాతాలు చూపించి రోడ్డెక్కారు. పైవాడు నాకు చేస్తే జుల్మ్, నేను కిందివాడికి చేస్తే పరిపాలన! ఇదెక్కడి ఉసూల్?

కొంచెం తారీఖ్‌లోకి వెళదాం. బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పంచాయతీ రాజ్ కావాలని చెప్పింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ దాన్ని మొదలుపెట్టారు. వెంటనే, అదే ఏడాది, ఆంధ్రప్రదేశ్ అందుకుంది. అంటే ఈ దారిలో నడిచిన మొదటి రాష్ట్రాల్లో మనమూ ఉన్నాం. తర్వాత ఏమైంది? ఎన్నికలు ఇష్టమైతే పెట్టారు, లేకపోతే లేదు. నిధులు దయతలిస్తే ఇచ్చారు. రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాల్లో 40వ అధికరణం ఉంది గానీ, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్ళే వీలు లేదు. అందుకే రాజ్యాంగంలోనే గట్టిగా రాయాలని 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం బిల్లు తెచ్చింది. అది రాజ్యసభలో ఓడిపోయింది. చివరికి మన తెలుగువాడు పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1992 డిసెంబరులో 73, 74వ సవరణలను పార్లమెంటు ఆమోదించింది.

1992 డిసెంబరు అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది వేరు. ఆ నెల ఆరో తారీఖున ఏం జరిగిందో పిల్లలకు కూడా తెలుసు. అదే నెలలో, అదే పార్లమెంటు ఊరికీ, బస్తీకీ ఒక హక్ రాసిచ్చింది. మనం దుఃఖంలో ఉన్నాం, గమనించలేదు. తప్పులేదు. కానీ ముప్పై ఏళ్ళు దాటాక కూడా గమనించకపోతే అది మన గఫ్లత్.

ఆ సవరణలు ఏం చెప్పాయి? ఐదేళ్ళకోసారి ఎన్నిక తప్పనిసరి అన్నాయి. మధ్యలో రద్దు చేస్తే ఆరు నెలల్లోపు మళ్ళీ ఎన్నిక పెట్టాలన్నాయి. ఎన్నికలు జరిపించడానికి రాష్ట్ర ఎన్నికల సంఘం వేరుగా ఉండాలన్నాయి. ఐదేళ్ళకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి, రాష్ట్ర ఖజానాలో ఊళ్ళ వాటా ఎంతో తేల్చాలన్నాయి. పంచాయతీలకు 29 అంశాలు, మున్సిపాలిటీలకు 18 అంశాలు అని లిస్టు కూడా ఇచ్చాయి. తాగునీరు, రోడ్లు, బడులు, ఆరోగ్యం, వీధి దీపాలు అన్నీ ఉన్నాయి. మున్సిపాలిటీల లిస్టులో ఖబ్రస్తాన్లు, శ్మశానాలు కూడా ఉన్నాయి! చాచా డోలా ఒరిగిన ఆ రోడ్డు సంగతి రాజ్యాంగం రాసినవాళ్ళు మరిచిపోలేదు.

మరి ఎందుకు ఆగింది? ఒక్క మాట దగ్గర. ఈ అంశాలను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించ"వచ్చు" అని ఉంది. అప్పగించాలి అని లేదు. ఆ "వచ్చు" అనే చిన్న మాట పట్టుకుని మన రాష్ట్రాలు మూడు దశాబ్దాలు నెట్టుకొచ్చాయి. ఎన్నికలు "తప్పనిసరి" కాబట్టి ఎంతో కొంత జరుగుతున్నాయి. ఇఖ్తియార్ "ఇవ్వవచ్చు" కాబట్టి ఇవ్వలేదు. ఫలితం ఏమిటంటే, మనం ఓటేసి గెలిపించిన మనిషికి కుర్చీ ఉంటుంది, దండ ఉంటుంది, జెండా ఎగరేసే హక్కు ఉంటుంది. ఇంజనీరును పిలిచి మోరీ తవ్వించే తాకత్ ఉండదు.

తప్పనిసరి అయిన ఎన్నికల సంగతి కూడా చూడండి. ఆంధ్రప్రదేశ్ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. మళ్ళీ ఓటు పడింది 2021 ఫిబ్రవరిలో. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిస్తే, ఎన్నికలు జరిగేసరికి 2025 డిసెంబరు వచ్చింది. మున్సిపాలిటీలకు 2025 జనవరిలో గడువు తీరితే, ఆ ఏడాదంతా స్పెషల్ ఆఫీసర్ల రాజ్యమే. ప్రతిసారీ ఒక బహానా ఉంటుంది. రిజర్వేషన్లు తేలలేదంటారు, కోర్టులో కేసు ఉందంటారు, వార్డుల విభజన కాలేదంటారు. గడువులోపు ఎన్నిక జరిపి తీరాలని కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. శాసనసభ గడువు ముగిసి రెండేళ్ళు ఎమ్మెల్యేల కుర్చీల్లో ఆఫీసర్లు కూర్చుంటే ఈ రాష్ట్రాలు ఊరుకుంటాయా? రాష్ట్రపతి పాలన ఆరు నెలలు పెడితేనే జమ్‌హూరియత్ ఖతల్ అయిందని బంద్‌లు చేస్తారు. ఊళ్ళల్లో రెండేళ్ళు జరిగితే అది వార్తే కాదు.

ఎన్నికయ్యాక కూడా సర్పంచ్ మెడ మీద కత్తి వేలాడుతూనే ఉంటుంది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కలెక్టరు సర్పంచ్‌ను సస్పెండ్ చేయగలరు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోయినా వేటు పడవచ్చు. మొక్కలు బతకాల్సిందే, నాకూ ఇష్టమే. కానీ ఒక్క మాట అడుగుతాను. వేల మంది ఓట్లతో వచ్చిన మనిషిని పరీక్ష రాసి వచ్చిన మనిషి తీసేయగలిగితే, అసలు మాలిక్ ఎవరు? ముఖ్యమంత్రిని గవర్నరు ఒక నోటీసుతో పక్కన పెడతానంటే మన పార్టీలు ఒప్పుకుంటాయా?

"మేము పాలనను ఇంటి గడప దాకా తెచ్చాం కదా" అని ఇంకో జవాబు వస్తుంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సుమారు 50 ఇళ్ళకు ఒక వాలంటీర్. పెన్షన్ ఇంటికే వచ్చింది. మా రిష్తేదార్లు గుంటూరు జిల్లాలో ఉన్నారు. నడవలేని మా ఖాలా మంచం మీదే పెన్షన్ తీసుకుని దువా ఇచ్చింది. ఆ సౌకర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ జాగ్రత్తగా చూడండి. గడప దగ్గరికి వచ్చింది సేవ. అధికారం రాలేదు. ఆ వాలంటీర్ సర్పంచ్‌కు జవాబుదారీ కాదు, రాజధానికి జవాబుదారీ. ఊళ్ళో సర్పంచ్ ఉన్నాడు, పక్కనే ఆయనకు సంబంధం లేకుండా ఇంకో హుకూమత్ నడిచింది. పైనుంచి వచ్చింది కాబట్టి పైవాడు మారగానే ఆ వాలంటీర్ల వ్యవస్థ ఆగిపోయింది. ఇచ్చేవాడి చేతిలో ఉన్నది ఖైరాత్. మన చేతిలో ఉంటేనే హక్.

మన జబాన్ నుంచి తెలుగులోకి వెళ్ళిన మాటలు ఒకసారి లెక్కపెట్టండి. సర్కారు, హుకుం, కచేరీ, దఫ్తరు, తహసీల్దారు, జిల్లా, ఖజానా, అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, మంజూరు. అన్నీ పైవాడు కిందివాడితో మాట్లాడే మాటలే, లేదా కిందివాడు చేతులు జోడించే మాటలే. నలుగురు బరాబర్‌గా కూర్చుని ఫైసలా చేసుకోవడాన్ని మన ఇళ్ళల్లో మష్వరా అంటాం. పెళ్ళి సంబంధమైనా, ఇల్లు కట్టడమైనా మష్వరా లేకుండా చేయం. ఆ మాట మాత్రం దఫ్తరు తెలుగులోకి రాలేదు. జమానా మారింది, నిజాం పోయాడు, తెల్లవాడు పోయాడు. దరఖాస్తు మాత్రం పోలేదు.

ఇప్పుడు మన ఖౌమ్ గురించి సాఫ్‌గా మాట్లాడుకుందాం. ఈ విషయం ముస్లిం ఘరానాలకు ఎందుకు ముఖ్యం? లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో మనం నూటికి దాదాపు పదమూడు మందిమి. 119 స్థానాల శాసనసభకు 2023లో ఎన్నికైన ముస్లిం ఎమ్మెల్యేలు ఏడుగురు. ఏడుగురూ హైదరాబాద్ నగరం నుంచే. నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, కరీంనగర్ జిల్లాల్లో లక్షల మందిమి ఉన్నాం, మనవాడు అని అసెంబ్లీలో ఒక్కడు లేడు. ఎందుకంటే మనం చెదిరి ఉన్నాం. నియోజకవర్గం పెద్దది, అందులో మనం ఉప్పంత. కానీ వార్డుకు దిగండి, మొహల్లాకు దిగండి. నిజామాబాద్ కార్పొరేషన్‌లో, భైంసా మున్సిపాలిటీలో మన కార్పొరేటర్లు, కౌన్సిలర్లు గట్టి సంఖ్యలో గెలిచారు. అంటే అధికారం ఎంత పైకి పోతే మన ఓటు అంత పల్చబడుతుంది. ఎంత కిందికి వస్తే అంత చిక్కబడుతుంది. ఇది ఒక్క మనకే కాదు. మా మొహల్లా మోరీ కింద ఉన్న మాదిగవాడలోకి కూడా అవే నీళ్ళు పోతాయి. ఆ నీళ్ళకు మజ్‌హబ్ లేదు, కులం లేదు. వాళ్ళదీ మాదీ ఒకటే దరఖాస్తు, ఒకటే నిరీక్షణ.

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు గురించి మనం జల్సాల్లో చాలా మాట్లాడుకుంటాం. ఉద్యోగాలు, చదువులు అంటాం. ముస్లింలు ఎక్కువగా ఉన్న ఊళ్ళల్లో బడి, దవాఖానా లాంటి కనీస సౌకర్యాలు తక్కువని కూడా అందులో ఉంది. ఆ కమీని తీర్చే పనులు ఎవరివి? 29 అంశాల లిస్టులోవి, 18 అంశాల లిస్టులోవి. మనం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చున్నాం. పని మాత్రం మన వీధి చివర ఆగి ఉంది.

నా మాటకు అడ్డం చెప్పేవాళ్ళు ఉన్నారు. అందరికంటే గట్టిగా అడ్డం చెప్పింది డాక్టర్ అంబేద్కర్. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఆయన గ్రామాన్ని పొగిడేవాళ్ళను నిలదీశారు. ఊరు అంటే సంకుచితత్వం, కులతత్వం పేరుకున్న చోటని ఆయన అభిప్రాయం. అంటరానితనాన్ని అనుభవించిన మనిషి మాట అది. దాన్ని తేలిగ్గా తీసేసే హక్కు నాకు లేదు. మన అనుభవం కూడా ఆ మాటకు గవాహీ ఇస్తోంది. 2023 ఆగస్టులో నూహ్ అల్లర్ల తర్వాత హర్యానాలో కొన్ని పంచాయతీలు ముస్లిం వ్యాపారులు ఊళ్ళోకి రావద్దని కాగితాలు రాశాయి. ఆ సర్పంచులకు నోటీసులు ఇచ్చింది ఎవరు? జిల్లా అధికారులు. ఊరికి పూర్తి ఇఖ్తియార్ ఇస్తే ఊరి మెజారిటీ మనల్ని గెంటేస్తే ఏం చేస్తావు భాయ్ అని మా జమాత్‌లోని ఒక బుజుర్గ్ నన్ను అడిగారు. సవాల్ సరైనదే.

నా జవాబు ఇది. పనులు కిందికి రావాలి, హక్కులు పైన ఉండాలి. ఈ రెండూ కలపకూడదు. మోరీ ఎటు తవ్వాలి, నల్లా ఎన్ని గంటలు వదలాలి, బడికి గది ముందా గోడ ముందా, ఖబ్రస్తాన్ రోడ్డుకు దీపం ఎప్పుడు అన్నవి ఊరు, వార్డు తేల్చుకోవాలి. ఎవరు ఊళ్ళో వ్యాపారం చేయవచ్చు, ఎవరు ఎక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు, ఎవరు ఏ ఇబాదత్ చేసుకోవచ్చు అన్నవి ఏ పంచాయతీ ఓటింగుకూ పెట్టేవి కావు. అవి రాజ్యాంగం ఇచ్చిన హక్కులు. వాటికి పహరా కాయడం కోర్టుల పని, పై ప్రభుత్వాల ఫర్జ్. నదుల నీళ్ళు, పెద్ద దవాఖానాలు, కరెంటు గ్రిడ్ లాంటివి కూడా పైనే ఉండాలి. ఒక ఊరితో అయ్యేవి కావు. బీద ఊరికి, ధనిక ఊరికి మధ్య సొమ్ము పంచే పని కూడా పైవాడిదే. సొంత పన్నులతోనే బతకమంటే గచ్చిబౌలి వెలిగిపోతుంది, మా మొహల్లా మునిగిపోతుంది.

పైవాళ్ళు మనల్ని కాపాడతారన్న నమ్మకం మీద కూడా మితిమీరి ఆనుకోవద్దు. 1992 డిసెంబరులో మసీదును కాపాడతామని రాష్ట్ర హుకూమత్ సుప్రీంకోర్టుకు మాటిచ్చింది. కేంద్ర హుకూమత్ ఢిల్లీలో ఉంది. రెండూ ఉన్నాయి, మసీదు లేకుండా పోయింది. ఈమధ్య బుల్డోజర్ల కాలం చూస్తున్నాం. నోటీసు లేకుండా ఇళ్ళు కూల్చొద్దని, కనీసం 15 రోజులు గడువివ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. జుల్మ్ కింద ఉంటే కనిపిస్తుంది, పైన ఉంటే కాగితం మీద సంతకంగా వస్తుంది, అంతే తేడా. కాబట్టి కింద అధికారం, పైన హక్కుల పహరా, రెండింటి మీదా కోర్టు కన్ను. మూడూ కావాలి.

రెండో అడ్డంకి ఏమిటంటే, "కౌన్సిలర్లంతా కాంట్రాక్టర్లే, డబ్బులిస్తే తినేస్తారు" అంటారు. తినేవాళ్ళున్నారు, కాదనను. అయితే పైన తినేవాళ్ళు లేరా? పైన తింటే ఎంత తిన్నాడో మనకు తెలిసేసరికి ప్రభుత్వం మారిపోతుంది. మా వార్డు కౌన్సిలర్ తింటే, రోజూ సాయంత్రం చాయ్ హోటల్‌లో నా ఎదురుగానే కూర్చోవాలి. రెండు వందల గజాల మోరీలో ఎంత సిమెంటు పోశాడో మా మొహల్లా మేస్త్రీ చూసి చెప్పేస్తాడు. "వాళ్ళకు చేతకాదు, సిబ్బంది లేరు" అని మూడో మాట. సిబ్బందిని ఇవ్వనిది మీరే, నిధులు ఇవ్వనిది మీరే, ఇప్పుడు చేతకాదనేదీ మీరే! పిల్లవాడి కాళ్ళు కట్టేసి నడక రాదన్నట్టుంది.

చేయాలనుకుంటే అవుతుందనడానికి కేరళ ఉంది. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించారు. బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, వ్యవసాయ ఆఫీసులు వాళ్ళ కిందికి వచ్చాయి. తప్పు చేస్తే విచారించడానికి స్థానిక సంస్థలకు ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంటే సర్పంచ్ తప్పు చేస్తే కలెక్టరు హుకుం కాదు, విచారణ. అక్కడ ప్రభుత్వాలు కుడిఎడమలుగా మారుతూనే ఉన్నాయి, ఈ పద్ధతిని మాత్రం ఎవరూ ఎత్తేయలేదు. ఒకసారి చేతికి అందిన అధికారాన్ని జనం వదులుకోరు. బహుశా మన నాయకులు భయపడేది కూడా దానికే.

ఇక మన గిరేబాన్‌లోకి కూడా ఒకసారి చూసుకుందాం. లేకపోతే ఈ రాతకు ఇన్సాఫ్ ఉండదు.

ఎమ్మెల్యే గారి మనిషి "సదర్ సాబ్‌ని పంపించండి" అన్నాడు కదా. ఎందుకన్నాడు? మనం అలవాటు చేశాం కాబట్టి. ఎన్నికలప్పుడు మొహల్లా మొత్తం ఓట్లను ఒక సంచిలో వేసి ఒక సదర్ సాబ్ చేతికిస్తాం. ఆయన ఇఫ్తార్ దావత్‌లో ఎమ్మెల్యే పక్కన కూర్చుంటే చాలు, ఖౌమ్‌కు ఇజ్జత్ దక్కిందనుకుంటాం. మోరీ అక్కడే ఉంటుంది. మన మసీదు కమిటీల్లో ఎన్నింటికి లెక్కలు జుమా రోజు చదివి వినిపిస్తారు? ఎన్నింటికి ఐదేళ్ళలో ఒక్కసారైనా ఎన్నిక జరిగింది? ప్రభుత్వం ఎన్నికలు పెట్టడం లేదని అరిచే నోటితోనే మన కమిటీ సదర్ ఇరవై ఏళ్ళుగా ఆయనే ఎందుకున్నాడని అడగాలి.

ఆడవాళ్ళ సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి. మా బంధువుల్లో ఒక ఆపా కౌన్సిలర్‌గా గెలిచింది. సంతకం ఆమెది, కుర్చీ దుల్హేభాయ్‌ది. మీటింగులకు ఆయనే వెళ్ళేవాడు. నల్లా ఏ రోజు రాలేదో, ఏ గల్లీలో దీపం లేక పిల్లలు ట్యూషన్‌కు పోవడానికి భయపడుతున్నారో ఆయనకు తెలియదు, ఆపాకు తెలుసు. తెలిసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి తెలియని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టాం. రాష్ట్రం పంచాయతీకి చేసేదే మనం మన ఆడవాళ్ళకు చేస్తున్నాం. పేరు వాళ్ళది, ఇఖ్తియార్ మనది.

ఇంకో విషయం. ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నియమం చాలా ఏళ్ళు మనవాళ్ళను, బీదవాళ్ళను బయట నిలబెట్టింది. ఎమ్మెల్యేకు, ఎంపీకి లేని షరతు సర్పంచ్‌కే ఎందుకు? ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని తీసేసింది. ఆ అడ్డు తొలగిన చోట మన ఇళ్ళల్లో చదువుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు ఎంతమంది నామినేషన్ వేయడానికి తయారుగా ఉన్నారు?

కాబట్టి నేను అడిగేవి ఇవి. గడువు తీరేలోపు ఎన్నిక జరగాలి, స్పెషల్ ఆఫీసర్ అనే బహానా బంద్ కావాలి. రాష్ట్ర బడ్జెట్‌లో స్థానిక సంస్థలకు ఇంత వాటా అని చట్టంలో రాయాలి, రాష్ట్ర ఆర్థిక సంఘం రిపోర్టును అల్మారాలో పెట్టకుండా సభలో పెట్టాలి. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం నీళ్ళకు, పారిశుద్ధ్యానికే అని కట్టేసింది. పని మంచిదే, కానీ మా ఊరికి ముందు ఏది కావాలో మా ఊరిని అడగాలి. మోరీ ఇంజనీరు, పంచాయతీ కార్యదర్శి ఎన్నికైన సభకు జవాబు చెప్పాలి. సర్పంచ్‌ను, కౌన్సిలర్‌ను తీసేసే తాకత్ కలెక్టరు చేతిలో కాకుండా, స్వతంత్రంగా విచారించే సంస్థ చేతిలో ఉండాలి. ఒక పనికి ఒకే జిమ్మేదార్ ఉండాలి. రోడ్డు ఒకరిది, మోరీ ఒకరిది, గోడ ఒకరిది అనే ఆట ఆపాలి.

ఈ రాత ఓట్లడగడానికి వచ్చేవాళ్ళ కోసం కాదు, వాళ్ళు వచ్చినప్పుడు మీరు అడగడానికి. షాదీఖానా కట్టిస్తాం, ఖబ్రస్తాన్ గోడ కట్టిస్తాం అంటారు. "మీరు కట్టించొద్దు సాబ్, కట్టుకునే ఇఖ్తియార్, మా వాటా సొమ్ము మా వార్డుకు ఇవ్వండి, లెక్క మేమే అడుగుతాం" అనండి. గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి, వెళ్ళండి, ఇంట్లో ఆడవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టండి. పక్కన మాదిగవాడ నుంచి వచ్చినవాళ్ళతో కలిసి కూర్చోండి.

చాచా ఖబర్ మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. మోరీ అలాగే ఉంది. నా దరఖాస్తుకు ఒక నంబరు ఇచ్చారు, ఇంకా నా జేబులోనే ఉంది. మళ్ళీ వానాకాలం వస్తుంది. ఆ దారిన వెళ్ళాల్సిన డోలా ఎవరిదో అల్లాకే తెలుసు. అది భుజాల మీద ఒరగకుండా చూసే జిమ్మేదారీ మాత్రం మనది. దానికి కావలసిన హక్ అడిగి తీసుకుందాం.

ఖుదా హాఫిజ్.